చిత్తూరు పేరు దాల్చిన యిరువురు కళామూర్తులు

మన సంఘ వార్షిక మహాసభా సంచికకై యొక చరిత్రవ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, దివంగతులైన మన సీమ కళామూర్తులను స్మరించుట మేలని మాకు తోచినది. వారు మన కులమువారా యని యొకరిద్దరు మిత్రులు ప్రశ్నించిరి. మేము వ్రాయబోవు నిరువురును తమ పేరునకు ముందు నిలుపుకొన్నది కులనామము కాదు, ఊరిపేరు. ఆ యూరు మనది. కావున వారిని స్మరించు హక్కు మనకును గలదు.

మా బాల్యమున పలమనేరులో టూరింగు టాకీసువారు ‘పాండురంగ మాహాత్మ్యము’ ప్రదర్శించినప్పుడు, పుండరీకుని తండ్రి పాత్ర తెరపై కనబడగానే పెద్దలు “అదిగో, మన చిత్తూరాయన” అని మురిసిపోయెడివారు. మేమును నాగయ్యగారు చిత్తూరుననే పుట్టిరని చాలకాలము నమ్మియుంటిమి. అది పొరపాటు. ఉప్పలదడియము నాగయ్యగారు 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీని గుంటూరు ప్రాంతపు రేపల్లెలో జన్మించిరి. రెండవవారగు సంగీత విద్వాంసులు సుబ్రహ్మణ్య పిళ్ళైగారు 1898లో పుంగనూరున జన్మించిరి. వారు పుట్టునాటికి చిత్తూరు జిల్లాయే లేదు! చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ఉత్తరార్కాడు జిల్లాలో చేరియుండెను. 1911లో గదా చిత్తూరు జిల్లా యేర్పడినది. ఇట్లు జిల్లాకంటె ముందు పుట్టినవారే ఆ పేరును దేశమంతట చాటిరి.

నాగయ్యగారికి ఈ పేరు నిచ్చినది చిత్తూరి నాటకరంగము. అచ్చటి రామవిలాస సభవారి నాటకములలో పాడి, యాడి, ప్రసిద్ధులైరి. 1938లో ‘గృహలక్ష్మి’తో చలనచిత్రములలో ప్రవేశించునప్పటికి వారికి ముప్పదినాలుగేండ్లు. మరుసటి యేట బి. యన్. రెడ్డిగారి ‘వందేమాతరము’లో నాయకుడును, సంగీతకర్తయును తామే. 1940లో వచ్చిన ‘సుమంగళి’లో వృద్ధ సంఘసంస్కర్త పాత్రను ధరించిరి. నడివయస్సు రాకమున్నే ముదిమి నభినయించి మెప్పించుట సామాన్యమా? అటుపిమ్మట 1943లో ‘భక్త పోతన’, 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’ వెలువడినవి. తెలుగువారికి మూడు తరతరముల పూజ్యమూర్తులైన వారిని ఒక్క నటుడే తెరపై నిలిపెను. ‘త్యాగయ్య’కు దర్శకత్వమును వారే వహించిరి. అయినను మా యభిప్రాయమున పోతన పాత్రయే మేటి. అందు నటుడు కనబడడు, భక్తుడే కనబడును. ఈ మాట కొప్పుకొననివారు పలువురు గలరు. మాకు వారితో వాదము లేదు.

అరవదేశమునను వారి కాదరము తక్కువగాదు. 1941లో ‘అశోక్ కుమార్’ చిత్రమున త్యాగరాజ భాగవతారుతోను, 1945లో ‘మీరా’లో సుబ్బులక్ష్మమ్మగారి సరసన రాణాగాను నటించిరి. తెలుగు, అరవము, కన్నడము మూడును వీధిలో వినబడు పలమనేరువారికి ఇది వింతగాదు. ఆ 1945లోనే వచ్చిన ‘స్వర్గసీమ’కు సంగీతము కూర్చినవారిలో నాగయ్యగా రొకరు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు నేపథ్యగాయకులుగా తొలుత పాడిన దా చిత్రముననే.

1965లో భారత ప్రభుత్వము నాగయ్యగారిని పద్మశ్రీతో సత్కరించినది. కాని అప్పటికే వారి స్థితి మారినది. ఆర్జించినదానిని అడిగినవారికి, అడుగనివారికి గూడ పంచి, సొంత చిత్రములలో నష్టపడి, కడకాలమున చిన్న చిన్న పాత్రలతో కాలము గడపిరి. 1973 డిసెంబరు 30వ తేదీని మదరాసులో కన్నుమూసిరి. పిదప ఆ నగరమున పానగల్లు పార్కులో వారి విగ్రహము వెలసినది. విగ్రహమునకు భోజనము పెట్టనక్కరలేదు గదా! మన పోషకమహాశయులు కోపింపకుందురు గాక.

అది తెలుగువారికి గడ్డుకాలము. నాగయ్యగారు పోయిన 43వ దినమున, అనగా 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాలవారు గతించిరి. అదే సంవత్సరము జూలై 18న యస్. వి. రంగారావుగారును వెడలిపోయిరి. మరుసటి యేట మన పిళ్ళైగారు.

పిళ్ళైగారిని గూర్చి మనవారిలో నెందరికి తెలియునో సందేహమే. తెరమీద కనబడనివారిని లోకము త్వరగా మరచును. పుంగనూరు మనకు పొరుగూరు. అచ్చటివాడొకడు కాంచీపురము చేరి, లయజ్ఞానమునకు పేరొందిన నాయనా పిళ్ళైగారికి శిష్యుడై, గురుకులవాసము చేసెను. ఆ గురువుగారి కచేరీలో మృదంగముతోపాటు కంజీర, ఘటము మున్నగు పక్కవాద్యములు పెక్కు కొలువుదీరెడివి. అంతటి తాళవాద్య సమూహము నడుమ పల్లవిని తప్పక నడపుట కత్తిమీది సాము. ఆ బాణిని శిష్యుడు నిలిపెను. 1954లో మదరాసు సంగీత విద్వత్సభవారు వారికి ‘సంగీత కళానిధి’ బిరుద మొసగిరి. అరవదేశమున జనాదరము పొందిన మధురై సోమసుందరముగారు వీరి శిష్యులే. గురువు కంచివాడు, శిష్యుడు మధురవాడు, నడుమ వారధి మన పుంగనూరువాడు. అయినను వారు ధరించినది చిత్తూరు పేరే.

కార్యవర్గమువారికి మా మనవి యొకటి గలదు. మన యిండ్ల యటకలమీద పాత గ్రామఫోను రికార్డులు, నాటకముల కరపత్రములు, సినిమా పాటల పుస్తకములు చెదలపాలగుచున్నవి. వచ్చు మహాసభలోపల వానిని సంఘభవనమునకు దెచ్చి, ఇచ్చినవారి పేరు వ్రాసి, ఒక బీరువాలో భద్రపరచిన చాలును. మా యొద్ద ‘త్యాగయ్య’ పాటల పుస్తక మొకటి యున్నది. అట్ట చినిగినది, నడుమ రెండు పుటలు లేవు. దానిని ముందుగా మేమే తెచ్చి యిచ్చెదము.