రాజీ లేని రాజీనామా

సెప్టెంబరు 17 వచ్చిందంటే మా సికింద్రాబాదులో పేర్ల పంచాయితీ మొదలవుతుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఇక్కడి పరేడ్ మైదానంలో ‘విమోచన దినం’ జరిపింది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం ‘జాతీయ సమైక్యతా దినం’ చేసింది. 2024లో కొత్త ప్రభుత్వం దాన్నే ‘ప్రజాపాలన దినోత్సవం’ అన్నది. పేరు మారినప్పుడల్లా కథానాయకుడు మారుతున్నాడు, ప్రతినాయకుడు మారుతున్నాడు. ఈ సందడిలో ఒక రోజు పాఠం మధ్యలో ఒక విద్యార్థి లేచి అడిగాడు: “సార్, నిజాం కొలువుల ఇది తప్పు అని లేచిపోయినోడు ఒక్కడు గూడ లేడా?”

ఉన్నారు. కాని ఆ ప్రశ్నకు ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు న్యాయమనిపించలేదు. మన చరిత్ర పాఠాల్లో రాజులుంటారు, సేనానులుంటారు, ఒడంబడికలుంటాయి. ‘ఈ పని నా చేత కాదు’ అన్న మంత్రికి మాత్రం చోటుండదు. ఒకవేళ దొరికితే, అతన్ని వెంటనే ధర్మాత్ముణ్ని చేసి పటం కడతారు. రెండూ పొరపాటే. ఏ మంత్రి ఎందుకు లేచిపోయాడు, ఎవరికి చెప్పి పోయాడు, పోయిన తరువాత ఏం మిగిలింది? ఈ మూడూ తేల్చిన తరువాతనే అతన్ని మెచ్చుకోవాలో వద్దో నిర్ణయించాలి.

1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒక ఫర్మానా వెలువరించాడు. బ్రిటిషువారు వెళ్ళిపోగానే తాను స్వతంత్ర ప్రభువునవుతానని అందులో ప్రకటించాడు. ఆగస్టు 15 దాటినా హైదరాబాదు ఎటూ చేరలేదు. అప్పుడు నిజాం తరఫున ఢిల్లీతో సంప్రదింపులు జరిపిన వారిలో ముఖ్యులు ముగ్గురు. ప్రధానమంత్రి ఛతారీ నవాబు ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాకు చెందిన పెద్ద జమీందారు. సర్ వాల్టర్ మాంక్టన్ ఇంగ్లండులో పేరుమోసిన న్యాయవాది. 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకున్న రోజుల్లో ఆ రాజుకు సలహాదారుగా ఉన్నవాడు. మూడో వ్యక్తి పాట్నా న్యాయవాది సర్ సుల్తాన్ అహ్మద్. ముగ్గురిలో ఒక్కరూ ప్రజల మనుషులు కారు. ఈ సంగతి మొదటే చెప్పి ముందుకు పోవడం మంచిది.

వీరు తెచ్చిన ముసాయిదా పేరు యథాతథ ఒప్పందం. రక్షణ, విదేశాంగం, రవాణా విషయాల్లో బ్రిటిషువారితో ఉన్న ఏర్పాట్లే ఒక ఏడాదిపాటు భారత ప్రభుత్వంతో సాగాలన్నది దాని సారం. అక్టోబరు 22న బృందం హైదరాబాదు తిరిగివచ్చింది. నిజాం కార్యనిర్వాహక మండలి మూడు రోజులు చర్చించింది. ఆరుగురు అనుకూలంగా, ముగ్గురు ప్రతికూలంగా ఓటు వేశారు. నిజాం కూడా సరేనన్నాడు. అయితే సంతకం మాత్రం ‘రేపు’ అన్నాడు. ఆ రేపు మరో రేపయింది. 27వ తేదీ ఉదయం బృందం ఢిల్లీకి బయల్దేరాలి.

ఆ తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, వేలమంది ఇత్తెహాదుల్ ముసల్మీన్ కార్యకర్తలు వచ్చి ఈ ముగ్గురి ఇళ్ళను చుట్టుముట్టారు. వారి నాయకుడు ఖాసిం రజ్వీ, లాతూరులో వకీలు. సొంత ప్రధానమంత్రి ఇంటిని గుంపు ముట్టడిస్తే ప్రభుత్వ పోలీసులు చెదరగొట్టలేదు. చివరకు సైన్యం సాయంతో దూతలను ఒక సైనికాధికారి ఇంటికి చేర్చవలసి వచ్చింది. ఉదయం నిజాం నుంచి వచ్చిన ఆజ్ఞ ఒక్కటే: ప్రయాణం ఆపండి. మర్నాడు నిజాం సమక్షానికి రజ్వీనే పిలిపించారు. ఢిల్లీకి ఇప్పుడు వేరే చిక్కులున్నాయనీ, గట్టిగా నిలబడితే ఇంతకంటే మంచి షరతులు దొరుకుతాయనీ అతను వాదించాడు. నిజాం ఆ వాదన వైపే మొగ్గాడు. తన మండలి తీర్మానం, తన దూతలు ఢిల్లీలో ఇచ్చిన మాట, తాను స్వయంగా చెప్పిన ‘సరే’, అన్నీ ఒక్క రాత్రిలో చెల్లనివైపోయాయి. దూతలు తప్పుకున్నారు. నవంబరు 1న ఛతారీ ప్రధాని పదవి వదిలేశాడు.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా గమనించాలి.

మొదటిది, కొత్త బృందంలో ఎవరున్నారు? మొయిన్ నవాజ్ జంగ్, అబ్దుర్ రహీం, పింగిలి వెంకట్రామారెడ్డి. అంటే ముస్లిం నవాబు లేచిపోయిన బృందం స్థానంలో వచ్చినవారిలో ఒక హిందూ భూస్వామి ఉన్నాడు. ఈ చరిత్రను హిందూ ముస్లిం కథగా చెప్పేవారు ఈ పేరును ఎప్పుడూ పైకి చదవరు. సంస్థానంలో భూమి సుమారు అరవై పాళ్ళు దివానీ, ముప్పై పాళ్ళు జాగీర్లు, పది పాళ్ళు నిజాం సొంత సర్ఫెఖాస్. ఈ ఏర్పాటు మీద బతికే వర్గంలో నవాబులున్నారు, దేశముఖులున్నారు, రెడ్లు, వెలమదొరలు ఉన్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి మనుషులు. గుంపు మతం పేరు చెప్పింది. గుంపు వెనుక నిలిచిన ప్రయోజనం మాత్రం భూమిది.

రెండోది, నిజాం చివరికి ఏం సాధించాడు? సుమారు నెల తరువాత, నవంబరు 29న, సారంలో మార్పేమీ లేని అదే ఒప్పందం మీద సంతకం చేశాడు. ఢిల్లీ తన మాట మార్చలేదు. కాగితం మారలేదు, కొలువు మారింది. ఆ నెల రోజుల్లో రజ్వీకి నచ్చిన లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. రాజ్యాధికారం వీధిలోని సాయుధ ముఠాకు జడిసి లొంగిందని లోకానికంతటికీ తెలిసింది. ఒప్పందం ప్రకారం 1948 ఆరంభంలో సికింద్రాబాదు కంటోన్మెంటు నుంచి భారత సైన్యం వెళ్ళిపోయింది. పల్లెల మీద పడడానికి రజాకార్లకు అడ్డు లేకుండా పోయింది. కనుక సంతకం చేయించిన ఢిల్లీ కూడా ఆ రోజుల్లో తెలంగాణ రైతు ముఖం చూసిందని నేను అనలేను.

ఇప్పుడు ఛతారీని తూచి చూద్దాం. ఇచ్చిన మాట తప్పమన్న ప్రభువు కింద పనిచేయనన్నాడు. అంతవరకు అది మర్యాద గల పని, కాదనకూడదు. కాని ఆ రాజీనామా ఎవరికి అందింది? ఎవరి ఆజ్ఞ తప్పని అతను లేచాడో ఆ ప్రభువుకే అందింది. జనంలోకి వచ్చి, ఆ రాత్రి ఏం జరిగిందో, పోలీసులు ఎందుకు కదలలేదో చెప్పలేదు. తన ఊరు తాను వెళ్ళాడు. తరువాతి కాలంలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి చాన్సలర్ అయ్యాడు. మాంక్టన్ సంగతి మరీ తేలిక: 1948లో మళ్ళీ నిజాం తరఫున సంప్రదింపులకు వచ్చాడు.

మన ‘రాజీనామా’ అనే మాట చూడండి. ఉర్దూలో పదవి వదులుకోవడాన్ని ఇస్తీఫా అంటారు. రాజీనామా అంటే అక్కడ సమ్మతి పత్రం, రాజీ కాగితం. రైత్వారీ లెక్కల్లో రైతు తన భూమి వదులుకుంటూ రాసిచ్చే కాగితానికి ఆ పేరుండేది. ఆ మాట తెలుగులోకి వచ్చి పదవి వదలడంగా స్థిరపడింది. దర్బారులో జరిగే రాజీనామాల్లో చాలా భాగం ఆ పాత అర్థంలోనే ఉంటాయి: ‘నేను తప్పుకుంటాను, నువ్వు చేసుకో’ అన్న సమ్మతి. రాజు ఆజ్ఞ అలాగే నిలుస్తుంది. మంత్రి చెయ్యి మాత్రం శుభ్రంగా ఉంటుంది.

అలా కాని రాజీనామా ఒకటి 1948లో వచ్చింది. లాయక్ అలీ మంత్రివర్గంలో వాణిజ్య మంత్రి జె. వి. జోషి. పర్భణీ, నాందేడు జిల్లాల్లో రజాకార్లు చేసిన హత్యలు, అత్యాచారాలు, తగులబెట్టిన ఇళ్ళు కళ్ళారా చూసి వచ్చి, పోలీసులు కూడా ఆ దోపిడీలో కలిశారని తన రాజీనామా లేఖలో స్పష్టంగా రాశాడు. అలాంటి మంత్రివర్గంలో అంతకాలం ఎందుకు కూర్చున్నాడని అడగవచ్చు. ఆ ప్రశ్న సబబే. కాని లేచినప్పుడు ఊళ్ళ పేర్లతో సహా సాక్ష్యం చెప్పి లేచాడు. ఆ సాక్ష్యం ప్రభువుకు చుట్టుకుంది.

అంతకంటే పెద్ద సాక్ష్యం మంత్రి పదవి లేనివారిది. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకారు దళాన్ని రద్దు చేయాలనీ, భారత్‌తో కలవాలనీ ప్రకటన ఇచ్చారు. యువ సంపాదకుడు షోయబుల్లాఖాన్ తన ‘ఇమ్రోజ్’ పత్రికలో దాన్ని అచ్చువేశాడు. ఆగస్టు 21 రాత్రి పత్రికాఫీసు నుంచి ఇంటికి పోతుంటే దారికాచి చేయి నరికి, కాల్చారు. తెల్లవారేలోగా ప్రాణం పోయింది. అతనికి రాజీనామా చేయడానికి దివాన్‌గిరీ లేదు. ఉన్నది ఒక కలం, దాన్ని వదలనన్నాడు.

ఇక పల్లెల్లో ఏం జరిగింది? 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఆ మూడు పేర్లు పక్కపక్కన చదివినవాడు దీన్ని మతాల కొట్లాట అనలేడు. విద్యార్థులు కాలేజీలు వదిలారు. వకీళ్ళు కోర్టులు బహిష్కరించారు. కరోడ్‌గిరీ నాకాలు తగలబడ్డాయి. రైతులు లెవీ ధాన్యం కొలవమన్నారు, వెట్టి చెయ్యమన్నారు. ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఒకే అర్థం కనిపిస్తుంది: ప్రజలు ఆ ప్రభుత్వానికి తమ సమ్మతిని వెనక్కి తీసుకున్నారు. దాని వెల కూడా వారే చెల్లించారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు కింద చెల్లించారు.

1948 సెప్టెంబరు 17న లాయక్ అలీ మంత్రివర్గం కూడా రాజీనామా చేసింది. భారత సైన్యం సికింద్రాబాదు వాకిట నిలిచిన తరువాత చేసిన ఆ రాజీనామాకు విలువ కట్టవలసిన పని లేదు. దాని తరువాతి కథను కూడా దాచకూడదు. మాట తప్పిన నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా కొనసాగాడు. లెవీ కొలవనన్న రైతు మాత్రం 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా తుపాకులనూ జైళ్ళనూ చూశాడు. పోలీసు చర్య వేళ, ఆ తరువాత, మరాఠ్వాడాలోనూ ఇతర జిల్లాల్లోనూ ముస్లింల మీద జరిగిన హత్యాకాండను భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం పరిశీలించింది. చనిపోయినవారు కనీసం 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రజాకార్ల నేరాన్ని చెప్పే నోరు ఈ నేరాన్ని చెప్పకపోతే అదీ రాజీయే.

మా విద్యార్థికి నేను చివరికి చెప్పింది ఇదే: “లేచిపోయినవాళ్ళు ఉన్నారు బాబూ. ఛతారీ మర్యాదగా లేచిపోయాడు. జోషి సాక్ష్యం చెప్పి లేచిపోయాడు. షోయబుల్లా లేచిపోనే లేదు, అక్కడే నిలబడ్డాడు. దర్బారులో పదవి వదిలినవాణ్ని గౌరవించు. కాని ఎవరి కోసం వదిలాడని అడగడం మానకు.”

అతను కూర్చుని ఆ మూడు పేర్లూ నోటుబుక్కులో రాసుకున్నాడు. తరువాత తల ఎత్తి మళ్ళీ అడిగాడు: “కడవెండోళ్ళ పేర్లు గూడ చెప్పుండ్రి సార్, రాసుకుంట.” దొడ్డి కొమరయ్య పేరు చెప్పాను. తక్కిన పేర్ల కోసం మనమంతా ఊళ్ళకు పోవలసి ఉంది.