గంగమీద ఒక తెలుగు సంసారము

మన మహేశ్వరమునకు శివగంగ కోనేరు కలదు గాని, పడవ సాగు నది లేదు. అక్కన్న మాదన్నల నాటిదని పెద్దలు చెప్పు ఆ కోనేటిలో మునిగి, కాశీగంగలో మునిగినట్లే తృప్తి పొందిన తరములు మనవి. అసలు గంగను చూడబోయినవారు తోవలో సంసారమెట్లు నడిపిరో తెలిసికొనగోరువారు మన గ్రంథాలయమున ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ను తీసి చదువవలెను.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరిరి. తల్లి, భార్య, సేవకులు, బోయీలు కలిసి నూరుమంది దాకా పరివారము. కృష్ణ దాటి, వనపర్తి, జడచర్లల మీదుగా హైదరాబాదు వచ్చిరి. మన సీమ దుమ్ము ఆ పల్లకీలకు అంటియే యుండును. పిమ్మట నాగపురము, జబ్బలపురము, ప్రయాగ. అంతవరకు నేలదారి. ప్రయాగనుండి కాశికి, కాశినుండి పాట్నాకు, గయ సేవించి వచ్చిన తరువాత పాట్నానుండి కలకత్తాకు పడవలే గతి.

ప్రయాగ వరకు క్రమముగా నడచు ఆవిరి పడవలు అప్పటికి లేవు. అవి 1834 నాటి మాట. కలిగినవారు బజరా అను గదుల పడవను అద్దెకు పుచ్చుకొనుచుండిరి. వెనుకభాగమున కప్పు, కిటికీలు గల గదులు. ముందు తెడ్లు వేయువారు. ప్రవాహము వెంట దిగునపుడు తెడ్లు, గాలి కలిసివచ్చినచో తెరచాప. ఎదురెక్కునపుడు మనుష్యులు గట్టున నడచుచు త్రాళ్లతో లాగవలెను. చీకటి పడగానే, ఇసుక దిబ్బలకు వెరచి, పడవను ఒడ్డున కట్టివేయుట వాడుక.

సంసారపు చిక్కంతయు ఆ ఒడ్డుననే. ఆచారవంతులకు పదిమంది మసలు పడవలో వంట పనికిరాదు. గట్టు దిగవలెను, స్నానమాడవలెను, మడి కట్టుకొనవలెను. ఆ మెత్తని ఒండ్రునేలలో పొయ్యికి మూడు రాళ్లు దొరకుటయే కష్టము. గుంట త్రవ్వి దానినే పొయ్యి చేయవలెను. గాలి వీచినచో అన్నములో ఇసుక. ఇంతమందికి వడ్డించి, గిన్నెలు తోమి, మరల పడవ నెక్కుట. వయసు మీరిన తల్లికి బల్లమీదుగా దిగి యెక్కుటయే ఒక యాత్ర గదా! పడవ వేగమును గాలి నిర్ణయించినదందురు. పొయ్యి నిర్ణయించినదని నేనందును.

ఇదే గంగను 1824లో కలకత్తానుండి ఎదురెక్కి పోయిన క్రైస్తవ మతాచార్యుడు హీబరు, పసిబిడ్డ జబ్బుగా నుండుటచే భార్యాబిడ్డలను కలకత్తాలోనే విడిచి బయలుదేరెను. వెంట వచ్చిన మిత్రుడు దారిలో ఢాకాయందు మరణించెను. నదీప్రయాణము అట్టి గండములు గలది. వీరాస్వామయ్యగారో, ఇల్లంతయు పడవ నెక్కించిరి.

నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. మజిలీ వెంట మజిలీ ఆయన వ్రాసి పెట్టిన తీరు నాకు కన్నుల పండువు. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు 1838లో అచ్చు వేయించి, దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో మరల వెలువరించి మనకు మహోపకారము చేసిరి. అయినను ఆ గదిలో కూర్చున్న స్త్రీలు ఏమనుకొనిరో, దేనికి భయపడిరో, ఎవరికి జ్వరము వచ్చినప్పుడు ఎవరు మేల్కొనిరో నా కంతగా వినబడలేదు. జమయే గాని ఖర్చు వ్రాయని చిట్టావలె తోచినది. తప్పు ఆయన ఒక్కరిదే కాదు; ఆ కాలపు వ్రాత అట్టిది.

మొన్నటి ఏకాదశినాడు మా తల్లిగారికి ఈ పడవ ఘట్టములు చదివి వినిపించితిని. అంతయు విని, “నాయనా, మడిబట్టలు ఎక్కడ ఆరవేసికొన్నారు?” అని అడిగినది. పుస్తకము రెండు మారులు తిరుగవేసితిని. దొరకలేదు.