ఏకాకి నావికుని తెరచాప

చిన్ననావను సముద్రముమీద నడుపుట యొక విద్య. దానిని ఒంటరిగా నడుపుట వేఱొక విద్య. ముగ్గురు నావికులున్నచో ఒకడు చుక్కాని పట్టును, ఒకడు స్తంభము మొదట నిలిచి తెరచాపను ఎత్తుట దించుట చూచుకొనును, మఱియొకడు పగ్గములను బిగించుచు సడలించుచు నుండును. ఆ ముగ్గురి పనియు ఒక్కనిపై బడినపుడు, తెరచాపను కుదించుటకై అతడు స్తంభము కడకు పోయిన క్షణమున చుక్కాని యనాథ యగును. చుక్కానిని విడువలేక కూర్చుండెనా, పెనుగాలికి తెరచాప చినుగును. ఈ రెంటి నడుమ నిద్రాహారములకు చోటే యుండదు. బలశాలియైనవాడు ఈ శ్రమను ఒకటి రెండు దినము లోర్వవచ్చును గాని మహాసముద్రమును దాటుటకు వారములు, నెలలు పట్టును. ఏకాకి నౌకాయానమును లోకము సాహసగాథగా చెప్పుకొనుచున్నది. సాహసమును నేను కాదనను. కాని ఆ సాహసమును సాధ్యము చేసినది స్తంభము, తెరచాప, పగ్గము అను మూడింటి కూర్పులో వచ్చిన మార్పు. ఆ మార్పు ఎట్లు వచ్చెనో తెలిసికొనుట నాకు ఆ గాథలకంటెను రుచికరముగా తోచును.

1892లో అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ గ్రామమున, పని దొరకక యున్న జాషువా స్లోకమ్ అను ఓడ కప్తానునకు మిత్రుడొకడు ఒక శిథిలనావను ఉచితముగా నొసగెను. దాని పేరు స్ప్రే. అది నీటికి దూరముగా ఒక పొలములో గుడ్డ కప్పుకొని పడియుండెను. స్లోకమ్ పదుమూడు నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్లు వెచ్చించి, దానిని తన చేతులతో పునర్నిర్మించెను. పొడవు 36 అడుగుల 9 అంగుళములు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ రేవును విడిచినపుడు అది ఒకే స్తంభముగల స్లూప్. దాని పెద్ద తెరచాప ఒంటరివాని చేతికి మించిన భారము.

ఆ భారమును అతడు దారిపొడుగునను తగ్గించుకొనుచు పోయెను. మొరాకో తీరమున సముద్రపు దొంగలు వెంటాడిన వేళ వీచిన పెనుగాలికి తెరచాప యడుగున నుండు దండము విఱుగగా, బ్రెజిల్ దేశపు పెర్నంబుకో రేవు చేరి, విఱిగిన భాగమును ఇంచుమించు నాలుగడుగులు కోసివైచి, మిగిలిన కుఱుచ దండమునే మరల బిగించుకొనెను. రియో డి జనీరోలో నావ వెనుక కొసన అర్ధచంద్రాకారమగు ఆధారము నొకదానిని అమర్చెను. బ్యూనస్ ఐరిస్‌లో పెద్ద స్తంభమును ఏడడుగులు, ముందునకు పొడుచుకొనివచ్చిన ముక్కుదూలమును సుమారైదడుగులు తగ్గించెను. పిమ్మట మాగెలాన్ జలసంధిలో, వెనుక అమర్చిన ఆధారముపై రెండవ చిన్నస్తంభమును నిలిపి దానికొక చిన్న తెరచాపను కట్టుటతో స్ప్రే యాల్ నావగా మాఱెను. వేగముకొఱకు గుడ్డను పెంచుట ఓడవారికి సహజమైన ఆశ. రేవురేవునను కోసికొనుచు పోయిన ఈ వృద్ధకప్తాను, ఒంటరివానికి కావలసినది తన చేతికి లొంగు తెరచాప యని గ్రహించిన వివేకి.

వెనుకటి చిన్న తెరచాపవలన కలుగు లాభము మఱియొకటి కలదు. ముందరి తెరచాపపై గాలి పనిచేసినపుడు నావ మొగము గాలినుండి ప్రక్కకు తొలగజూచును. వెనుకటి దానిపై పనిచేసినపుడు మొగము గాలివైపునకే తిరుగజూచును. ఈ రెండు బలములను సరితూచి, చుక్కానిని త్రాటితో కట్టివేసినచో, నావ తనంతట తానే దారి పట్టి పోవును. స్ప్రే దీర్ఘమైన అడుగుకట్టు గలదగుటచే దానికి ఈ గుణము పుట్టుకతోనే కొంత యున్నది. అజోర్స్ దీవులు దాటిన వెనుక ప్లమ్ పండ్లు, జున్ను తిని కడుపునొప్పితో స్లోకమ్ గది నేలపై స్మృతి తప్పి పడియుండ, కొలంబసునాటి పింటా యోడకు చెందిన నావికు డొకడు వచ్చి చుక్కాని పట్టినట్లు అతనికి భ్రాంతి కలిగెను. తేఱుకొని చూడగా, తుపాను రాత్రియందు నావ తొంబది మైళ్ళు దారి తప్పక నడచియుండెను. యాల్ అయిన పిదప ఈ గుణము పరిపూర్ణమయ్యెను. 1897లో ఆస్ట్రేలియా ఉత్తరమున నున్న థర్స్‌డే దీవినుండి కీలింగ్ దీవులకు 2,700 మైళ్ళు ఇరువదిమూడు దినములలో సాగిన యానమున అతడు చుక్కాని కడ గడపినది మొత్తము మూడు గంటలకు మించలేదు. 1898 జూన్ 27న న్యూపోర్టు చేరునప్పటికి 46,000 మైళ్ళు ముగిసెను. భూగోళమును ఒంటరిగా చుట్టివచ్చిన మొదటి నావికుడతడు.

తరువాతి అర్ధశతాబ్దిలో, వెనుకగాలికి రెండు జంట తెరచాపలను ఇరుప్రక్కల చాచి వాని పగ్గములను చుక్కానికి ముడివేయు పద్ధతివంటివి కొన్ని వచ్చెను. అవి ఒక్క దిక్కు గాలికే పనికివచ్చును. అసలు ప్రశ్న, అనగా నావికుడు తాను కూర్చున్న చోటినుండి కదలక తెరచాపనంతయు ఏలుట యెట్లనునది, మిగిలియే యుండెను.

దానికి సమాధానము వెదకినవాడు బ్లాండీ హాస్లర్ అను ఆంగ్ల సేనాని. 1942 డిసెంబరులో చిన్న తెడ్డుపడవలతో బోర్డో రేవులోని శత్రునౌకలపై దాడి నడపినవా డితడే. యుద్ధానంతరము 25 అడుగుల పొడవుగల జెస్టర్ అను నావను కట్టించి, దానికి చీనాదేశపు ఓడల తెరచాపను అమర్చెను. ఆ కూర్పును దగ్గఱగా చూడవలెను. నావకంతకు ఒకటే స్తంభము. దానిని నిలువబట్టుటకు ఇరుప్రక్కల మోకులు లేవు. ఒకటే తెరచాప, దానికి అడ్డముగా కొసనుండి కొసవఱకు వరుసగా బద్దలు, ఒక్కొక్క బద్ద కొసకు ఒక్కొక్క చిన్న త్రాడు, ఆ త్రాళ్ళన్నియు కూడి ఒకే పగ్గమై నావికుని చేతికి వచ్చును. గాలి హెచ్చినపుడు చేయవలసినది, ఎత్తుత్రాటిని కొంచెము వదలుట మాత్రమే. విసనకఱ్ఱ ముడుచుకొన్నట్లు తెరచాప బద్దపై బద్దగా దిగి, క్రింద పొంచియున్న త్రాళ్ళ ఊయలలో కుదురుకొనును. ఈ త్రాళ్ళన్నియు నావ నడుమ నున్న గుండ్రని ద్వారము చెంతకు చేరును. హాస్లర్ ఆ ద్వారమున నడుమువఱకు నిలిచి, నావ పైతట్టు చెక్కపై అడుగైన మోపక, తెరచాపను ఎత్తుచు, దించుచు, త్రిప్పుచు నుండెడివాడు. చీనానావికులు శతాబ్దములుగా వాడుచు వచ్చిన ఈ ఉపాయము వారి దేశమున వింత కాదు. యూరపు నావికులు దానిని మోటుపనిగా భావించి అన్నాళ్ళు త్రోసిపుచ్చుటయే వింత.

దీనికి తోడు హాస్లర్ గాలిపలకను నిర్మించెను. నావ దారి మళ్ళినంతనే గాలిలోని పలక తిరుగును. అది నీటిలో వ్రేలాడు ఱెక్కను మెలిపెట్టును. పారు నీరు ఆ ఱెక్కను ప్రక్కకు నెట్టును. ఆ నెట్టుడు త్రాళ్ళద్వారా చుక్కానిని త్రిప్పును. గాలికి లేని బలమును నీటినుండి గ్రహించుటలోనే దీని చమత్కార మున్నది. 1960 జూన్ 11న ప్లిమత్ రేవునుండి న్యూయార్కునకు సాగిన ఏకాకి నావికుల పందెమున ఐదుగురు పాల్గొనిరి. పెద్దనావతో పోయిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ నలువది దినములలో గెలిచెను. హాస్లర్ నలువదియెనిమిది దినములలో రెండవవాడయ్యెను. అయినను ఆ దినములలో అతడు చుక్కానిని చేతబట్టినది ఒక గంటకు సమీపముననే యని ప్రసిద్ధి. గెలుపు చిచెస్టరుదే; కాని విద్యలో గొప్ప పాఠము నేర్పినది జెస్టర్ అని నా నిశ్చయము. తెరచాపను చుట్టుకొను దూలములు, పగ్గములను వెనుకకు తెచ్చు కప్పీలు నేడు చిన్ననావలలో సామాన్యములు. ఉన్నచోటినుండి కదలక తెరచాపను ఏలవలెనను భావమే వాని వెనుకనున్నది.

యంత్ర మెంత గొప్పదైనను విఱుగును. బొంబాయిలో భారతీయ వడ్రంగులు టేకుతో కట్టిన 32 అడుగుల కెచ్ నావ సుహైలీ దీనికి నిదర్శనము. రెండు స్తంభములుగల ఆ నావతో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఫాల్మత్ రేవునుండి ఏ రేవునను ఆగక భూప్రదక్షిణ చేయు ఏకాకి నావికుల పందెమునకై బయలుదేరెను. ఆస్ట్రేలియా సమీపమున అతని గాలిపలక పూర్తిగా చెడిపోయెను. మిగిలిన దారి పసిఫిక్ మహాసముద్రము, హారన్ అగ్రము, అట్లాంటిక్ మహాసముద్రము. అతడు తిరిగిపోలేదు, స్లోకమ్ వలె ముందు వెనుకల తెరచాపలను సరితూచి, చుక్కానిని కట్టివేసి, నావనే దారి పట్టనిచ్చెను. 1969 ఏప్రిల్ 22న సుహైలీ ఫాల్మత్ చేరెను. ఆ పందెమునకు బయలుదేరిన తొమ్మండుగురిలో యానమును పూర్తిచేసినవాడు అతడొక్కడే.