బలి కోరేది కట్టడమా?

పెద్ద వంతెనో ఆనకట్టో కడుతుంటే అది బలి కోరుతుందన్న మాట మన ఊళ్లలో ఒకప్పుడు గట్టిగా వినిపించేది. పనిలో ఒకరిద్దరు పోతే ‘వాళ్ల రాత’ అని సరిపెట్టుకునేవారు. ఇది మన పల్లెల మూఢనమ్మకం మాత్రమే అనుకోనక్కర్లేదు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా వంతెనల పనుల్లో ఇదే మాట లెక్క రూపంలో ఉండేది: పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం. రెండింటి సారమూ ఒకటే, కూలీ చావు ఖర్చులో భాగమని. ఆ ఖర్చును మనుషులు ఎప్పుడు, ఎలా కాదనడం మొదలుపెట్టారన్నదే నిర్మాణ భద్రత చరిత్ర.

కూలిన ఇంటికి కట్టినవాడిది బాధ్యత అన్న ఆలోచన చాలా పాతది. సుమారు 3,750 ఏళ్ల కిందటి హమ్మురాబి శాసనం, ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష వేసింది. ఇంట్లో ఉండబోయేవాళ్ల గురించి అంతగా పట్టించుకున్న ఆ శాసనం, కడుతూ పడిపోయినవాడి ఊసెత్తలేదు.

ప్రమాదాన్ని గుర్తించడమే ఎంత కష్టమో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన కథ చెబుతుంది. 1870ల మొదట్లో దాని పునాదుల కోసం ‘కైసన్’లనే బోర్లించిన పెట్టెల్లాంటి గదులను నది అడుగుకు దించి, నీరు చొరబడకుండా ఒత్తిడితో గాలి నింపారు. లోపల తవ్వి పైకొచ్చిన కూలీలు కీళ్ల నొప్పులతో మెలికలు తిరిగిపోయేవారు. కొందరికి కాళ్లు చచ్చుబడ్డాయి, కొందరు చనిపోయారు. చీఫ్ ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో అదే జబ్బుతో మంచాన పడ్డాడు. ఒత్తిడిలో ఒంట్లో కరిగిన నైట్రోజన్, మనిషి గబగబా పైకొస్తే బుడగలుగా విడిపోతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లో తేల్చాడు. ఎంత నెమ్మదిగా పైకి రావాలో బ్రిటన్‌లో జె.ఎస్. హాల్డేన్ 1908లో పట్టికలు ప్రకటించాడు. కారణం తెలిశాక తేలిన నివారణ మార్గం: నిదానం. అప్పటిదాకా రాత అనుకున్నది రక్తంలోని గాలిబుడగ.

ప్రాణాల లెక్కకు ఎదురుతిరిగిన పని శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన. 1933లో పని మొదలయ్యేనాటికి అంచనా మూడున్నర కోట్ల డాలర్లు. నానుడి ప్రకారం 35 ప్రాణాలు పోవాలి. చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ అందరి నెత్తిన గట్టి టోపీ పెట్టించాడు, వంతెన కింద వల కట్టించాడు. ఆ వలలో పడి 19 మంది బతికారు. మూడేళ్లు దాటినా ఒక్క ప్రాణం పోలేదు. కానీ 1937 ఫిబ్రవరి 17న టన్నుల బరువున్న పరంజా తెగి, వలను చీల్చుకుంటూ పడిపోయింది. పదిమంది చనిపోయారు. అంతకుముందు పోయిన ఒకరితో కలిపి మొత్తం మృతులు 11 మంది. మనిషి బరువుకు కట్టిన వల పరంజాను ఆపలేకపోయింది.

పడేవాణ్ని పట్టుకోవడం కన్నా పడే పరిస్థితే రాకుండా చూడటం మేలన్న పాఠం 1978 ఏప్రిల్ 27న మరింత ఘోరంగా తెలిసింది. వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలాండ్‌లో కూలింగ్ టవర్ కడుతున్నారు. పరంజాకు నేల ఆధారం లేదు. టవర్ లేచేకొద్దీ, పోసిన కాంక్రీటుకే దాన్ని బిగిస్తూ పోయారు. చలికి ముందురోజు పోత ఇంకా గట్టిపడలేదు. అది ఊడిపోగానే పరంజా మీదున్న 51 మందీ ప్రాణాలు కోల్పోయారు. అప్పటికే అమెరికాలో 1970 నాటి భద్రతా చట్టం ఉంది. ఏ హెల్మెటూ ఆదుకోలేని ప్రమాదం అది. కాంక్రీటు బలాన్ని పరీక్షించకుండా రోజుకో వరస లేపిన పని వేగంలోనే ఆ ప్రమాదం ఉంది.

అందుకే తర్వాతి కాలంలో చూపు కూలీ తల మీది టోపీ నుంచి ఇంజినీరు బల్ల మీది ప్లానుకు మళ్లింది. ముందు ప్రమాదాన్నే తొలగించాలి. కుదరకపోతే పద్ధతి మార్చాలి, అడ్డుకట్టలు కట్టాలి. టోపీ, బెల్టు చిట్టచివరి రక్షణ. బ్రిటన్ 1994 నిబంధనలతో పని చేయించే యజమానికీ డిజైనరుకూ కూడా చట్టపరమైన బాధ్యత పెట్టింది. 2012 లండన్ ఒలింపిక్స్ కోసం ఒలింపిక్ పార్కును ఒక్క కార్మికుడి ప్రాణం పోకుండా కట్టగలిగారు.

మన దేశంలో మొదట వచ్చింది పరిహారం: 1923 చట్టం. ప్రాణానికి వెల కట్టింది గానీ ప్రమాదాన్ని ఆపలేదు. దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల్లాంటి వాళ్ల కోసమంటూ, పని స్థలంలో భద్రత, ఆరోగ్యం, సంక్షేమం అన్నీ కలిపిన కేంద్ర చట్టం 1996లో గానీ రాలేదు. 500 మంది పనిచేసే చోట భద్రతా కమిటీ, భద్రతా అధికారి ఉండాలంది అది. పదిమంది కన్నా తక్కువున్న పనులు దాని పరిధిలోకే రాలేదు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్లే కూలీకి దక్కేది తరచుగా అలాంటి చిన్న పనే.

ఈ ప్రమాదాలు జరుగుతున్నది మనకు తెలియక కాదు. ఒకటిన్నర మీటర్లకు మించి లోతున్న మట్టి కందకానికి దన్ను కట్టాలని, తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. తవ్వకాల భద్రతపై తొలి ప్రమాణం 1966లోనే వచ్చింది. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల దాకా ఉన్న స్లాబుకు సాధారణంగా వారం, అంతకు మించితే రెండు వారాలు సెంట్రింగ్ దన్నులు తీయకూడదని మన కాంక్రీటు ప్రమాణమే రాసిపెట్టింది. అయినా ‘సెల్లార్ తవ్వుతుండగా మట్టిపెళ్లలు విరిగిపడి’ అన్న వార్త మన పత్రికల్లో ఆగలేదు. గుంత గోడను ఏటవాలుగా తవ్వితే కాస్త జాగా పోతుంది. దన్ను కడితే కాస్త డబ్బు, రెండు రోజులు పోతాయి. ఆ జాగా, ఆ డబ్బు, ఆ రెండు రోజులు ఎవరో మిగుల్చుకున్నారు. బలి కోరింది ఆ మిగులు.