దుప్పికి ఏ తూటా? - 315 బోరు పూర్వకథ

టెక్సాసులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న ఫోనులో నన్నొక వింత ప్రశ్న అడిగాడు. నవంబరు వచ్చిందంటే వాళ్ళ ఆఫీసులో దుప్పుల వేట మాటలేనట. 308 మేలని ఒకరు, 6.5 క్రీడ్‌మోర్ మేలని మరొకరు భోజనాల బల్ల దగ్గర వాదులాడుకొంటారట. "మామయ్యా, మన ఊళ్ళో పెదతాత దగ్గర తుపాకి ఉండేది కదా! అది ఏ బోరు? ఏమి ఆలోచించి దానినే కొన్నాడు?" అన్నాడు.

నేను తెలుగు పండితుణ్ణి. ముప్పది యేండ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణే కాని తుపాకి పట్టి ఎరుగను. కాని ఆ తుపాకి నాకు బాగా గుర్తున్నది. అది 315 బోరు. మా పెదనాన్న ఆలోచించి కొన్నదేమీ లేదు. ఆ కాలంలో లైసెన్సుకు దొరికే రైఫిలు దాదాపు అదొక్కటే. ఎందుకు అదొక్కటే అయిందో వాడికి ఫోనులో చెప్పబోయి కుదరక, ఈ టపా వ్రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం (పాత అలవాటు, మన్నించాలి). పన్నెండు బోరు అంటే పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోత పోస్తే అందులో ఒక గుండు సరిగా పట్టే గొట్టం. కనుక అక్కడ అంకె పెరిగినకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. రైఫిలు లెక్క వేరు. 303 అంటే అంగుళంలో వెయ్యింట 303 వంతులు. 315 అంటే వెయ్యింట 315, అనగా 8 మిల్లీమీటర్లు. రెంటికీ తేడా వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసిలోనే కథంతా ఉన్నది.

1857 తరువాత దొరల భయం తెలిసినదే. 1878లో లిట్టన్ ప్రభువు కాలంలో వచ్చిన ఆయుధ చట్టం భారతీయునికి లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవారికి మినహాయింపు ఇచ్చినది. అది చాలక, తుపాకి చేతిలో ఉన్నవాడికి ప్రభుత్వ తూటా పనికి రాకూడదన్న ఆలోచన పుట్టినది. వాయవ్య సరిహద్దులోనూ సూడానులోనూ పాత మార్టినీ-హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో పడ్డాయి. వాటి బోరు 450. అందుచేత 1900ల తొలి దశకంలో ఈ దేశంలోకి 450 బోరు వేట రైఫిళ్ళను రానీయకుండా ఆపారు. ఏనుగుల కోసం, పులుల కోసం ఆ రైఫిళ్ళు చేసే బ్రిటిషు కంపెనీలు లబోదిబోమని 465, 470, 475, 476 అంటూ కొత్త బోర్లు కల్పించాయి. వేటగాళ్ళ పుస్తకాలలో ఈ అంకెలను చూచి, ఒక్కొక్కటి ఒక్కొక్క జంతువుకు తగినట్లు శాస్త్రీయంగా నిర్ణయించారేమో అనుకొనేవాణ్ణి. కాదు, పోలీసు అనుమానం వాటికి పురుడు పోసినది.

303 సంగతీ అంతే. 1888లో లీ-మెట్‌ఫర్డ్ రైఫిలుతో అది బ్రిటిషు సైన్యపు తూటా అయినది. మన పల్లెల్లో నేటికీ "త్రీ నాట్ త్రీ" అంటే తెలియనివారు అరుదు. దుప్పికైనా కణితికైనా చక్కగా సరిపోయే తూటా అది. కాని ఇక్కడ ప్రజలకు నిషిద్ధం. దానికి బదులుగా ఆస్ట్రియావారి 8 మిల్లీమీటర్ల మాన్‌లిహర్ తూటాను తెచ్చి, లీ-ఎన్‌ఫీల్డ్ పొందిక గల తుపాకికే దానిని అమర్చి, 315 అని పేరు పెట్టి అమ్మారు. చూపుకు సైన్యపు తుపాకి వలెనే ఉంటుంది. సైన్యపు తూటా మాత్రం అందులో పనిచేయదు.

ఈ భయం ఉత్తిది కాదనడానికి మన మన్యమే సాక్షి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులూ సుమారు 2,500 తూటాలూ తీసుకొని, తీసుకొన్నట్లు చీటీ కూడా వ్రాసి ఇచ్చాడు. తరువాతి కాలంలో పోలీసులకూ కాపలావారికీ ఇచ్చిన 410 మస్కెట్లను గమనించండి. 303 రైఫిలు గొట్టాన్నే వెడల్పు చేసి, తడవకొక తూటా మాత్రమే పట్టేట్లు మార్చినవి అవి. తన పోలీసు చేతిలోని తుపాకిని కూడా నమ్మని ప్రభుత్వం మా పెదనాన్నను నమ్ముతుందా!

స్వాతంత్ర్యం వచ్చాక పద్ధతి మారిందా అంటే, మారలేదు. 1959 చట్టం, 1962 నిబంధనలు 303తో పాటు సైన్యపు 7.62 తూటా పట్టే రైఫిళ్ళన్నిటినీ సామాన్య లైసెన్సుకు అందకుండా ఉంచాయి. మా మేనల్లుడి ఆఫీసువాళ్ళు మెచ్చుకొనే 308 ఆ 7.62కు తోబుట్టువే. ఇషాపూర్ కర్మాగారం నుండి మనకు వచ్చినది 315.

ఇక ఈ తూటా గుణదోషాలు. బరువెక్కువ, మొన గుండ్రం, వేగం సెకనుకు సుమారు 2,000 అడుగులు. అడవిలో వంద గజాల లోపల దుప్పిని నిలువునా పడగొడుతుంది. దూరానికి మాత్రం పనికిరాదు. వంద గజాలకు గురి సరిచేసిన 315 తూటా రెండువందల గజాల దగ్గర జానెడు కిందికి దిగుతుంది. మూడువందల గజాల దగ్గర దాదాపు గజం. దుప్పికి గుండె, ఊపిరితిత్తులు కలిసిన మర్మస్థానం కూడా జానెడే.

మా ఊరు గిద్దలూరు దాపున, నల్లమల అంచున. 1969లో నాకు పదకొండేండ్లు. ఎండిన చెరువుకు ఆవలిగట్టున, పెద్ద కొమ్ముల దుప్పి నిలుచుని ఉన్నది. వెంట వచ్చిన చెంచు పెద్దాయన, "శానా దూరం ఉండాది సామీ, గాలి మనకే ఉండాది, దగ్గిరికి పోదాం" అన్నాడు. పెదనాన్న వినలేదు. తుపాకి పేలింది. దుప్పి పడలేదు, వెనుక భాగం కుంగి, మళ్ళీ లేచి కంపలోకి పోయినది. తూటా కడుపులో తగిలింది. నెత్తుటి చుక్కలు పట్టుకొని చీకటి పడేదాకా నడిచాము. మరునాడు మధ్యాహ్నం ఒక వాగు ఒడ్డున కనబడింది, ఇంకా ఊపిరి ఉన్నది. చెంచు పెద్దాయన తన కత్తితోనే దాని ప్రాణం తీశాడు. ఆ తరువాత పెదనాన్న ఎన్నిసార్లు కబురు పెట్టినా ఆయన వేటకు రాలేదు. తేనె తెచ్చి ఇచ్చేవాడు, డబ్బు తీసుకొనేవాడు, అంతే.

తరగతిలో దశరథుడు సరయూ తీరాన శబ్దాన్ని బట్టి బాణం వేసిన ఘట్టం చెప్పేటప్పుడెల్లా నాకు ఆ చెరువుగట్టు మెదిలేది. విలువిద్యలో శబ్దవేధిని మించిన గొప్ప లేదంటారు. ఆ గొప్పే ఆయన కొంప ముంచినది.

తూటా మొన సంగతి కూడా చెప్పాలి. 1895 చిత్రాల్ దండయాత్రలో 303 తూటా శత్రువు ఒంట్లోంచి దూసుకుపోతున్నదే కాని మనిషిని ఆపడం లేదని సైనికులు మొరపెట్టారు. కలకత్తా దగ్గర డమ్ డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే మొనకు తొడుగు లేని తూటా చేశాడు. అది తగిలిన చోట విచ్చుకొంటుంది. 1899 హేగ్ సభ యుద్ధంలో దానిని క్రూరమని నిషేధించినది. అయితే వేటలో అదే తూటా దయగలది. గట్టి మొన తూటా దుప్పిని తూట్లు పొడిచి పోతే, ఆ జీవి రెండు రోజులు చస్తుంది. మనిషిపై పాపమైనది మృగంపై పుణ్యమైనది! ధర్మసూక్ష్మం అంటే ఇదేనేమో.

మంచి దూరపు తూటా ఆనాడు ఈ దేశంలో లేకపోలేదు. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ బహూకరించినది 275 రిగ్బీ. అది జర్మనుల 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. అంతకు కొన్నేండ్ల ముందు దక్షిణాఫ్రికాలో బోయర్లు దానితోనే దూరాన్నుంచి బ్రిటిషు సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. తేలిక తూటా, ఎక్కువ వేగం; రెండువందల గజాలకు దిగుబాటు నాలుగైదు అంగుళాలే. శత్రువు తూటాయే కాని తమ సైన్యపు తూటా కాదు కనుక దొరలకు అభ్యంతరం లేకపోయినది. ధర మాత్రం జమీందార్లకు, దొరలకు. అది చేతిలో ఉంటే పెదనాన్న తూటా గురిలో తగిలేదా? చెప్పలేను. తుపాకి మంచిదైతే ఆయన ఇంకో రెండువందల గజాలు వెనుకనుంచి కొట్టేవాడేమో.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చినది. 315 గోడకు ఎక్కినది, ఎన్నికలు వచ్చినప్పుడెల్లా ఠాణాకు పోయి వచ్చేది. పెదనాన్న పోయాక లైసెన్సు ఎవరూ మార్పించుకోలేదు.

ఇదంతా చెప్పి, "మీవాళ్ళు ఎన్ని గజాల నుండి కొడతారురా?" అని మేనల్లుణ్ణి అడిగాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదట. రేపు భోజనాల దగ్గర కనుక్కొని చెప్తానన్నాడు.