హక్కు కోల్పోయిన చలనచిత్రం: ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968) - నిర్మాణం, ముగింపు, మనుగడ

వ్యాససంగ్రహం:
అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో స్వల్పవ్యయంతో నిర్మితమైన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ కాపీరైట్ ప్రకటన లోపించిన కారణంగా విడుదలతోనే సార్వజనిక ఆస్తిగా మారింది. ఆ చిత్ర నిర్మాణ నేపథ్యాన్ని, ముగింపుపై స్థిరపడిన వ్యాఖ్యానాన్ని, హక్కుల నష్టం దాని మనుగడపై చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భయానక చలనచిత్రం, జార్జ్ రొమేరో, డువేన్ జోన్స్, కాపీరైట్, చలనచిత్ర పరిరక్షణ.

ఉపోద్ఘాతం:
భయానక చిత్రాలను చలనచిత్ర చరిత్రకారులు చాలాకాలం చిన్నచూపు చూశారు. తక్కువ ఖర్చుతో తీసినవైతే ఆ ఉపేక్ష మరింత ఎక్కువ. అటువంటి చిత్రమొకటి 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది. శవాలు లేచి మనుషులను తినే కథ అది. దీన్ని గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. జాతివివక్షపై నిరసనగా ఈ చిత్రాన్ని తీశారన్నది మొదటిది. హక్కులు పోవడమే దానికి వరమైందన్నది రెండవది. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ రెండూ ఉన్నవి ఉన్నట్లుగా అంగీకరించదగినవి కావు.

నిర్మాణ నేపథ్యం:
జార్జ్ రొమేరో, జాన్ రూసో, రస్సెల్ స్ట్రైనర్ పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య ప్రకటనలు, పారిశ్రామిక చిత్రాలు తీసే చిన్న సంస్థలో పనిచేసేవారు. పదిమంది కలిసి తలా 600 డాలర్లు వేసుకొని ‘ఇమేజ్ టెన్’ అనే నిర్మాణసంస్థను నెలకొల్పారు. చివరికి వ్యయం సుమారు 1,14,000 డాలర్లకు చేరింది. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర సొమ్ము. చిత్రీకరణ 1967లో పెన్సిల్వేనియాలోని ఇవాన్స్ సిటీ పరిసరాల్లో, కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక పాత ఇంట్లో జరిగింది. నెత్తురుకు బదులు చాక్లెట్ పాకం వాడారు. నలుపు-తెలుపు చిత్రం కనుక రంగులో తేడా తెలియలేదు. నేపథ్య సంగీతాన్ని కొత్తగా కూర్చకుండా సిద్ధసంగీత భాండారం నుంచి తీసుకున్నారు. హ్యారీ కూపర్ పాత్రధారి కార్ల్ హార్డ్‌మన్ నిర్మాతల్లో ఒకడు, అతని కుమార్తె పాత్రలో నటించిన బాలిక అతని సొంత కూతురే. ఈ పొదుపు చిత్రానికి ఒక రూపాన్ని ఇచ్చింది. మసక వెలుతురు, స్థానిక టెలివిజన్ వ్యాఖ్యాత చేసే వార్తాప్రసారం, ముఖపరిచయం లేని నటులు, ఇవన్నీ కలిసి కల్పనకు వార్తాచిత్రపు వాస్తవికతను తెచ్చిపెట్టాయి.

‘జాంబీ’ అనే మాట ఈ చిత్రంలో ఎక్కడా వినబడదు. లేచిన శవాలను ‘ఘౌల్’ అన్నారు. హైతీ విశ్వాసాల్లో జాంబీ అంటే మాంత్రికుని వశమై పనిచేసే శవం. ‘వైట్ జాంబీ’ (1932) ఆ అర్థాన్నే నిలుపుకుంది. రొమేరో మాంత్రికుణ్ణి తొలగించి, ఆ స్థానంలో ఆకలిని ఉంచాడు. ఈ ఊహకు రిచర్డ్ మాథ్సన్ నవల ‘ఐ యామ్ లెజెండ్’ (1954) ప్రేరణ అని అతడే అంగీకరించాడు. మన భేతాళుడు కూడా శవాన్ని ఆవహించేవాడే అయినా కథ చెప్తాడు, చిక్కుప్రశ్న వేస్తాడు. ఈ శవాలకు మాటే లేదు. కనుక వాటితో సంవాదానికి తావుండదు, ఇంట్లో చిక్కుకున్న ఏడుగురి మధ్య కలహమే అసలు కథ అవుతుంది.

ముగింపు - కాలక్రమం:
ప్రధాన పాత్ర బెన్‌గా ఆఫ్రికన్ అమెరికన్ నటుడు డువేన్ జోన్స్ నటించాడు. రచనలో ఆ పాత్రకు జాతినిర్దేశం లేదు. పరీక్షకు వచ్చినవారిలో ఉత్తముడు కనుక అతణ్ణి ఎంచుకున్నామని రొమేరో పలుమార్లు చెప్పాడు. మొరటు లారీ డ్రైవరుగా రాసిన పాత్రకు విద్యావంతుని భాషను ఇచ్చినవాడు జోన్సే. ఆ మార్పు రచయితల ఘనత కాదు. ఈ విషయాన్ని విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదు.

రాత్రంతా పోరాడి నేలమాళిగలో ప్రాణం నిలుపుకున్న బెన్, తెల్లవారిన తర్వాత రక్షణకు వచ్చిన సాయుధుల తూటాకే బలవుతాడు. వాళ్లు అతణ్ణి లేచిన శవమనుకుంటారు. ఆపై చిత్రం కదలడం మానేస్తుంది. గరుకైన నిశ్చల ఛాయాచిత్రాల్లో కొక్కేలతో దేహాన్ని లాగి, మంటకు చేర్చడం కనిపిస్తుంది.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. చిత్రాన్ని ఆ హత్యకు ప్రతిస్పందనగా చూపే వ్యాఖ్యానాలు ఉన్నాయి. చిత్రీకరణ అంతకుముందే ముగిసింది గనుక ఆ వాదం నిలవదు. పూర్తయిన ప్రతిని కారులో న్యూయార్క్ తీసుకుపోతున్నప్పుడు ఆ వార్తను రేడియోలో విన్నామని రొమేరో చెప్పిన మాట కూడా దీన్నే బలపరుస్తుంది. అయితే ఆ ఛాయాచిత్రాల అర్థం దర్శకుని ఉద్దేశానికి పరిమితం కాదు. నల్లజాతీయులను మూకలు చంపి, ఆ దేహాల పక్కన నిలబడి ఫొటోలు దిగి, వాటిని పోస్టుకార్డులుగా పంచుకున్న చరిత్ర అమెరికాకు ఉంది. 1968 అక్టోబరు 1న పిట్స్‌బర్గ్‌లో చిత్రం మొదట ప్రదర్శితమైనప్పుడు ఆ చరిత్ర ప్రేక్షకుల జ్ఞాపకంలో సజీవంగానే ఉంది. ఉద్దేశించని అర్థం కూడా చారిత్రక సత్యమే.

అమెరికాలో వయోవర్గీకరణ విధానం అదే సంవత్సరం నవంబరు 1న అమలులోకి వచ్చింది. ఆ నెల వ్యవధి కారణంగా పసిపిల్లలు సైతం మ్యాటినీలకు వెళ్లి ఈ చిత్రాన్ని చూశారు. భయంతో ఏడ్చిన పిల్లలను గురించి విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 1969 జనవరిలో రాశాడు.

హక్కుల నష్టం:
చిత్రానికి మొదట పెట్టిన పేరు ‘నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్’. 1964లో వచ్చిన ‘ద ఫ్లెష్ ఈటర్స్’తో పోలిక ఉండడంతో పంపిణీదారైన వాల్టర్ రీడ్ సంస్థ పేరు మార్చింది. కాపీరైట్ ప్రకటన పాత పేరున్న ఫలకం మీదే ఉండేది. కొత్త ఫలకం మీద దాన్ని వేయడం మరచారు. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం ప్రకటన లేకుండా ప్రచురితమైన కృతికి రక్షణ ఉండదు. ఒక్క పంక్తి పోవడంతో చిత్రంపై హక్కే పోయింది.

తర్వాత అర్ధరాత్రి ఆటల్లో, టెలివిజన్‌లో, వీడియో క్యాసెట్లలో ఎవరికి వారు దాన్ని ప్రదర్శించుకున్నారు, అమ్ముకున్నారు. చిత్రానికి విస్తృత ఆదరణ రావడానికి ఇదొక కారణం. నిర్మాతలకు మాత్రం ఆ ఆదరణకు తగిన ప్రతిఫలం దక్కలేదు. 1986లో దానికి రంగులు కూడా అద్దారు. రొమేరో రచనతో, టామ్ సావిని దర్శకత్వంలో 1990లో వచ్చిన పునర్నిర్మాణానికి కొంత ఆదాయం రాబట్టుకోవాలన్న ఆశ కూడా కారణమే. నకలుకు నకలు తీసిన కొద్దీ బొమ్మ మసకబారింది. రెండు తరాలవారు ఆ మసకనే చిత్రశైలిగా భ్రమించారు. మూల నెగెటివ్ ఆధారంగా న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి పునరుద్ధరించిన ప్రతి 2016లో వెలుగులోకి వచ్చింది. చిత్రాన్ని జనంలోకి తీసుకుపోయింది హక్కుల లేమి అయితే, ఆ పునరుద్ధరణకు ఆధారమైనది మాత్రం నెగెటివ్ చెదరకుండా మిగిలి ఉండడం.

తెలుగు సందర్భం:
ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ (2021) ఈ సంప్రదాయాన్ని కర్నూలు ముఠాకక్షల నేపథ్యంలోకి తెచ్చింది. చట్టం విషయంలో మాత్రం మన స్థితి భిన్నం. భారతీయ కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రక్షణకు ప్రకటన అవసరం లేదు. చలనచిత్రానికి రక్షణ ప్రచురణ తర్వాత 60 ఏళ్లు. 1968లో విడుదలైన తెలుగు చిత్రం ఏదైనా 2028 చివరివరకు రక్షితమే. కానీ తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ (1932) ప్రతి ఒక్కటీ నేడు లభించదు.