ఉక్కు గొట్టముల సైకిలు

నేడు మన యూళ్లలో దిరుగుచున్న సైకిలు రూపము 1885వ సంవత్సరమున ఇంగ్లండు దేశములోని కోవెంట్రీ పట్టణమున నేర్పడినది. జాన్ కెంప్ స్టార్లీ యనునతడు రెండు చక్రములను దాదాపు సమానముగా జేసి, వెనుక చక్రమును గొలుసుచే ద్రిప్పునట్లు రోవర్ అను బండిని నిర్మించెను. అంతకుముందటి బండ్లకు ముందు చక్రము మనిషి రొమ్మెత్తున నుండెడిది. రాయి తగిలినచో నెక్కినవాడు తలక్రిందుగా బడెడివాడు. పిమ్మట 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును దొడిగెను. ఈ రెండు సంగతులును బాలుర వాచకములలో సైతము కలవు. వీని చాటున మఱుగుపడిన మూడవ సంగతి యొకటి కలదు. అది బండికి ఎముకల వంటి ఉక్కు గొట్టముల కథ.

తొలినాళ్లలో ఉక్కు రేకును చుట్టి, అంచులు కలిపి యతికి గొట్టము చేయుచుండిరి. ఆ యతుకు విచ్చినచో బండి విఱిగెడిది. 1885 ప్రాంతముననే జర్మనీ దేశమున రెమ్‌షైడ్ అను నూర మన్నెస్మన్ సోదరులు కాగిన ఉక్కు కడ్డీని రెండు రోలర్ల నడుమ ద్రిప్పుచు నడిమికి రంధ్రము చేయు నుపాయమును గనిపెట్టిరి. అతుకు లేని గొట్టము లభించెను. కాని గొట్టమును గొట్టముతో జేర్చుట యెట్లు? ఇదియే చిక్కు.

మన కంసాలి వెలిగారము చల్లి నగను అతుకుట మీరందఱు నెఱిగినదే. సైకిలు చట్రమును అతుకువాడును ఆ పనియే పెద్ద యెత్తున జేయును. గొట్టముల కొనలను ఉక్కు తొడుగులలో దూర్చి, వెలిగారము పూసి, ఎఱ్ఱగా గాల్చి, సందులలోనికి ఇత్తడిని కరగించి పాఱించును. ఇత్తడి కరగుటకు దాదాపు 900 డిగ్రీల వేడిమి కావలయును. అంత వేడిమికి సన్నని ఉక్కు మెత్తబడి బలము గోల్పోవును. మందమైన గొట్టము వాడినచో అతుకు నిలుచును గాని బండి బరువెక్కును.

బర్మింగ్‌హామ్ నగరమున మేకులు చేయు రెనాల్డ్స్ కుటుంబము దీనికి మార్గము జూపెను. ఆ వంశమునకు చెందిన ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ 1897లో నొక పేటెంటు పొందెను. గొట్టపు కొనలు మందముగను నడుము పలుచగను ఉండును. పైకి జూచిన నంతయు నొక్కటే లావు, భేదమంతయు లోపలనే. లోపల మెట్లు గల ఉక్కు దండమును దూర్చి, గొట్టమును దానిపై బిగియ నొత్తి, తరువాత నేటవాలు రోలర్ల నడుమ ద్రిప్పి కొంచెము వదులు చేసి దండమును లాగివేయుదురు. వినుటకు సులభముగా నున్నను, చేయువానికి నేర్పు మెండుగా వలయును. 1935లో ఆ సంస్థయే మాంగనీసు, మాలిబ్డినము కలిపిన 531 అను ఉక్కును వెలువరించెను. దాని గొట్టము నడుమ మిక్కిలి పలుచగా నుండును. అయినను మనిషి భారమును కొండదారుల మీద మోసినది. 1961లో వెలువడిన జాగ్వార్ ఇ టైపు కారు ముందు చట్రమునకు సైతము ఈ గొట్టములనే వాడిరి.

ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు పందెము 1903లో నారంభమైనది. ఆ పందెము నడపిన హెన్రీ డెగ్రాంజ్ మిక్కిలి పట్టుదల గలవాడు. గేర్లు మార్చు యంత్రము వృద్ధులకే తగునని యాతని తలంపు. అందుచే పందెగాండ్రు కొండ మొదట దిగి, వెనుక చక్రమును విప్పి, త్రిప్పి బిగించుకొని, రెండవ ప్రక్కనున్న పండ్లచక్రముతో ఎక్కవలసి వచ్చెడిది. ఆ యంత్రమునకు 1937లో గాని యనుమతి లభింపలేదు. నా మట్టుకు నాకు డెగ్రాంజ్ దొర తానే యొకసారి ఆ కొండనెక్కి చూచిన బాగుండెడిదని తోచును.

బర్మింగ్‌హామ్ గొట్టమునకును మన దేశమునకును ఒక బంధుత్వము కలదు. రెనాల్డ్స్ సంస్థ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అను పెద్ద సంస్థలో గలిసినది. ఆ పెద్ద సంస్థయే 1949లో మురుగప్ప కుటుంబముతో జేరి మదరాసు ప్రక్కన అంబత్తూరులో సైకిళ్ల కర్మాగారమునకు పునాది వేసినది. అచ్చట వెలువడిన హెర్క్యులిస్ బండ్లు మన పల్లెలకు వచ్చినవి. అవి 531 ఉక్కు బండ్లు కావు. సాధారణపు ఉక్కు, ఇరువది కిలోల బరువు, చక్రములు 28 అంగుళములవి. వాని మీద పాలబిందెలు, ధాన్యపు మూటలు, భార్యాబిడ్డలు సాగిరి. ఆ పనికి పందెపు సైకిలు ఒక్కనాడును నిలువదు. రెంటిలో నేది గొప్పదని వాదించుట కాడియెద్దును పందెపు గుఱ్ఱమును పోల్చుట వంటిది.

నేను బర్మింగ్‌హామ్‌లో కొన్నేండ్లుండిన కాలమున 1970వ దశకపు పందెపు సైకిలు నొకదానిని గొనగోరితిని. మొదట జూచిన బండికి రంగు నిగనిగలాడుచుండెను. 531 అను చీటియు నంటించియుండెను. చీటిని నమ్మరాదు, అట్టివి విడిగా నమ్మకమునకు దొరకును. సీటు క్రింది కమ్మీ కొలత చూడవలయును. ఆ ఉక్కుతో జేసిన మేలైన చట్రమునకు అది తఱచుగా 27.2 మిల్లీమీటర్లుండును. నాసిరకపు గొట్టము మందము గనుక లోపలి రంధ్రము చిన్నది, కమ్మీయు సన్నది. నేను కమ్మీని లాగబోగా అది కదలలేదు. అల్యూమినియపు కమ్మీ, ఉక్కు గొట్టము, నడుమ వాననీరు: ఈ మూడును గలిసి యేండ్ల తరబడి తుప్పు పట్టి యొక్కటైపోవును. దానిని వదలితిని.

రెండవ బండి చూచుటకు వన్నె లేనిది. కమ్మీ సులభముగా వచ్చినది. హ్యాండిలు క్రింద, ముందు గొట్టము వెనుకభాగమున వ్రేలితో దడవితిని. ఎప్పుడైన గోడను గుద్దిన బండికి అచ్చట రంగు ముడుతలు పడియుండును, దీనికి లేవు. వెనుక గేరు తగిలించు కొక్కెము మాత్రము వంగియున్నది. అల్యూమినియమైనచో సరిచేయబోగా విఱుగును; ఉక్కు గనుక మెల్లగా వంచి సరిచేసితిని. చట్రపు గొట్టమొకటి పాడైనను వేడిచేసి, ఊడదీసి, వేఱొకటి యతుకవచ్చును. 1990 తరువాత పందెములలో అల్యూమినియము, కర్బనపు నారలు ఉక్కు స్థానము నాక్రమించినవి. అవి తేలికయనుట నిజమే. ఉక్కు సైకిలు మనసెఱిగి నడచునని కొందఱు పలుకుదురు. దానిలో సగము టైర్ల గాలి మహిమయని నా యభిప్రాయము.

దాని నెక్కినప్పుడు నాకు వింతగా దోచినది గేర్ల మీట. మీట ఇంతమట్టుకు త్రిప్పవలెనని తెలుపు టిక్కుమను శబ్దము లేదు. తంబురను శ్రుతి చేయువానివలె గొలుసు చప్పుడు వినుచు, అది శాంతించువఱకు జరుపవలయును. పది దినములలో నలవడినది. వానలో మాత్రము జాగ్రత్త అవసరము: మెఱుగుపెట్టిన ఉక్కు చక్రపుటంచులు తడిసినచో బ్రేకు పట్టదు. అందుచే నేను చక్రములను మార్చితిని. పాతవి 630 మిల్లీమీటర్ల కొలతవి, వానికి టైర్లు దొరకుట కష్టమగుచున్నది, ఇప్పటివి 622. వ్యాసార్ధమున భేదము నాలుగు మిల్లీమీటర్లే. బ్రేకు రబ్బర్లను అంతమేర క్రిందికి దింపగా సరిపోయినది.